కొండల్లో చదును నేల ఎలా వచ్చింది?

 

ఈరోజు కొండల గురించి మాట్లాడుకుందాం. కొండలంటే మన వికారాబాద్ అనంతగిరి గుట్టలు కావు. హిమాలయాలు. అక్కడ వందల ఏళ్ల కిందట పెద్ద పెద్ద భూకంపాలు వచ్చాయి. కొండలు విరిగి లోయల్లో పడ్డాయి. పడిన ఆ మట్టి, ఆ బండలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటి మీద ఊళ్లు వెలిశాయి. గుళ్లు వెలిశాయి. మనం యాత్రకు పోయి ఆ ఊళ్లలోనే రాత్రి నిద్ర చేస్తున్నాం. బద్రీనాథ్ పోయేవాళ్లు, కేదార్‌నాథ్ పోయేవాళ్లు, నేపాల్ దాకా పోయి ముక్తినాథ్ చూసొచ్చేవాళ్లు మన పల్లెల్లో ఏటా ఉంటారు. అందుకే ఈ సంగతి మనకు తెలిసి ఉండాలి.

ముందు మన నేల నుంచే మొదలుపెడదాం.

మీ ఇంట్లో తాండూరు బండలు పరిచి ఉంటే ఒకసారి చూడండి. ఎంత సాపుగా ఉంటాయి! గనిలో అవి ఎట్లా ఉంటాయో గని పనికి పోయేవాళ్లకు బాగా తెలుసు. ఒక పొర మీద ఒక పొర, పడుకునే ఉంటాయి. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పేరుకుని, గట్టిపడి, ఈ రాయి అయ్యింది. ఏ పొర ఎక్కడ పేరుకుందో దాదాపు అక్కడే ఉంది. ఎవరూ దాన్ని పెద్దగా వంచలేదు. ఎవరూ మడవలేదు. ఆ తర్వాత, ఇప్పటికి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట, దక్కన్ మీద లావా పారింది. అది చల్లారి నల్లరాయి అయ్యింది. ఆ నల్లరాయి చివికి చివికి నల్లరేగడి అయ్యింది. మన కంది పండేది ఆ రేగడిలోనే.

ఇప్పుడు ఎవరెస్టు శిఖరానికి పోదాం. అక్కడ కొసన ఉన్న రాయి ఏమిటో తెలుసా? అదీ సున్నపురాయే. అదీ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురదే. దాంట్లో సముద్రపు జీవుల ఆనవాళ్లు ఉన్నాయి. తాండూరు రాయి పడుకున్న చోటే పడుకుని ఉంది. ఎవరెస్టు రాయి 8,849 మీటర్ల ఎత్తుకు పోయింది. దాన్ని అంత ఎత్తుకు లేపింది ఎవరు?

మనమే. అంటే మన నేలే. మనం నిలబడ్డ ఈ దక్కన్, ఈ తెలంగాణ, ఈ బంట్వారం చెలకలు, అన్నీ కలిపి ఒకే పెద్ద పలక. ఆ పలక ఉత్తరానికి జరుగుతోంది. ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు. ఇది ఊహ కాదు, కొలిచిన లెక్క. హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర ఎన్జీఆర్‌ఐ ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. మెట్రో రైల్లో నాగోల్ వైపు పోతుంటే ఆ పేరుతో స్టేషన్ కూడా వస్తుంది. ఆ సంస్థ ఆవరణలో ఒక జీపీఎస్ కేంద్రం ఉంది. హైదరాబాద్ ఏ ఏటికి ఎంత జరిగిందో అది చెబుతుంది. మనకు తెలియకుండానే మనం ఉత్తరానికి పోతున్నాం. పోయి పోయి ఆసియాను గుద్దుకుంటున్నాం. ఆ గుద్దుకున్న చోట నేల ముడుచుకుని పైకి లేచింది. అవే హిమాలయాలు.

ఈ తోపుడు నెమ్మదిగా, రోజూ సాగేదైతే చిక్కు లేదు. అట్లా సాగదు. కింద రాయి పట్టేసుకుంటుంది. వంద ఏళ్లు పట్టుకుంటుంది. కొన్నిచోట్ల నాలుగైదు వందల ఏళ్లు పట్టుకుంటుంది. ఒకరోజు పట్టు వదులుతుంది. అన్నేళ్ల తోపుడూ ఒకటి రెండు నిమిషాల్లో బయటపడుతుంది. అదే భూకంపం.

భూకంపం అంటే మన వైపు పెద్దవాళ్లకు ఒక రాత్రి గుర్తుంటుంది. 1993 సెప్టెంబర్ 30. తెల్లవారుజామున నాలుగు గంటలు కావొస్తోంది. మహారాష్ట్రలోని లాతూరు జిల్లా, కిల్లారి. మనకు నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. వినాయకుణ్ణి నిమజ్జనం చేసి వచ్చి అలసి పడుకున్న జనం. 8 వేల నుంచి 10 వేల మంది దాకా చనిపోయారు. హైదరాబాద్‌లోనూ మంచాలు కదిలాయి. అక్కడ మనుషులను చంపింది ఏమిటి? గోడలు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు. మన పాత ఇళ్లూ అట్లాంటివే, అందుకే ఆ వార్త విని మన ఊళ్లలో ఎంతోమంది కొన్ని రాత్రులు వాకిట్లోనే పడుకున్నారు.

కిల్లారిలో గోడలు పడ్డాయి. కొండలు పడలేదు. అక్కడ పడటానికి కొండలు లేవు. హిమాలయాల్లో అట్లా కాదు. అక్కడ ఇల్లు నిలబడినా, ఇంటి వెనక కొండ నిలబడదు.

ఎందుకు నిలబడదు? ఇది మన కల్లంలోనే చూడొచ్చు. కందులు కుప్ప పోస్తారు. కుప్ప ఒక వాలుకు వచ్చి ఆగుతుంది. ఇంకా పోస్తే జారుతుంది, మళ్లీ అదే వాలుకు వచ్చి ఆగుతుంది. ఇప్పుడు ఆ కుప్ప కింద ఉన్న తట్టును గట్టిగా కొట్టండి. పైన ఏమీ పోయలేదు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. అయినా కుప్ప జారిపోతుంది. గింజకూ గింజకూ మధ్య ఉన్న పట్టు ఆ ఒక్క అదురుకు తప్పింది. కొండవాలూ అంతే. పగుళ్లు పడిన రాయి, మట్టి, బండలు ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఆగి ఉంటాయి. నేల అదిరితే ఆ పట్టు పోతుంది. పైగా కొండ కొసన అదురు ఇంకా ఎక్కువగా ఉంటుంది. అడుగున ఊగినదానికన్నా శిఖరం దగ్గర ఎక్కువ ఊగుతుంది. అందుకే పైనుంచే విరిగి పడతాయి.

ఇంకొక మాట. దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. భూకంపం ఆగినా కొండ కుదుటపడదు. భూకంపానికి పడని వాలు కూడా లోపల పగిలి ఉంటుంది. పైకి ఏమీ కనబడదు. ఆ ఏడాది వాన పడుతుంది. నీళ్లు ఆ పగుళ్లలోకి దిగుతాయి. అప్పుడు పడుతుంది. మరుసటి ఏడాది వానకు పడుతుంది. ఆ తర్వాతి ఏడాది వానకూ పడుతుంది. కదిలించింది భూకంపం, పడేసింది వాన.

సరే, కొండ పడింది. పడి ఎక్కడికి పోతుంది? లోయలోకి. లోయలో ఏముంటుంది? నది. నదికి అడ్డంగా కొండంత మట్టి పడితే ఏమవుతుంది? ఆనకట్ట అవుతుంది. ఎవరూ కట్టని ఆనకట్ట. మనవాళ్లు చెరువు కడితే అలుగు పెడతారు. కోట్‌పల్లి ప్రాజెక్టుకు అలుగు ఉంది. నీళ్లు ఎక్కువైతే అలుగు మీదుగా పోతాయి, కట్ట ఆగుతుంది. కొండచరియ కట్టిన కట్టకు అలుగు ఉండదు. వెనక నీళ్లు నిండుతాయి, నిండుతాయి, ఒకరోజు కట్ట మీదికి ఎక్కుతాయి. కట్టను కోసుకుంటూ పోతాయి. తెగిపోయే కట్టల్లో సగం దాకా పది రోజుల్లోనే తెగుతాయి. కొన్ని నెలలు ఆగుతాయి. అట్లా ఆగినవి మరీ ప్రమాదం. ఎందుకంటే అప్పటికి జనం మరిచిపోయి ఉంటారు.

రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది సింధు నది. 1841 జనవరి. కాశ్మీర్‌కు ఉత్తరాన నంగా పర్బత్ అనే మహాపర్వతం ఉంది. దాని పక్కన సింధు నది పారుతుంది. భూకంపం వచ్చింది. నంగా పర్బత్ భుజం ఒకటి విరిగి సింధు నదిలో పడింది. నది ఆగిపోయింది. సింధు నది ఆగిపోవడమంటే మాటలా? నెలల తరబడి ఆగింది. వెనక మైళ్ల పొడవున సరస్సు ఏర్పడింది. దిగువన, ఎంతో దూరంలో, అటక్ దగ్గర నది చిక్కిపోయింది. నది చిక్కిపోతే ఏమనుకుంటారు? ఈ ఏడు మంచు కరగలేదు కాబోలు అనుకుంటారు. అప్పుడు అక్కడ సిక్కు రాజ్యపు సైన్యం నది పక్కన మైదానంలో డేరాలు వేసుకుని ఉంది. జూన్ వచ్చింది. ఎగువన కట్ట తెగింది. బురద, చెట్లు, బండలు కలిసిన నీటిగోడ ఆ మైదానం మీద పడింది. డేరాలు, గుర్రాలు, మనుషులు, ఆయుధాలు, అంతా కొట్టుకుపోయింది.

రెండోది మనవాళ్ల జ్ఞాపకానికి దగ్గరిది. 1950 ఆగస్టు 15. దేశమంతా స్వాతంత్ర్య దినం చేసుకున్న రోజు. ఆ సాయంత్రం చీకటి పడ్డాక ఈశాన్యాన, అస్సాం-టిబెట్ సరిహద్దు దగ్గర, భూమి కంపించింది. దాని తీవ్రత 8.6. యంత్రాలతో కొలవడం మొదలుపెట్టాక నేల మీద వచ్చిన అతి పెద్ద భూకంపాల్లో అదొకటి. ఫ్రాంక్ కింగ్డన్-వార్డ్ అనే మొక్కల శాస్త్రవేత్త ఆ రాత్రి టిబెట్ వైపు రీమా అనే ఊరి దగ్గర గుడారంలో ఉన్నాడు. ఆయన బతికి బయటపడి ఆ రాత్రి సంగతులు రాశాడు. తర్వాత రోజుల తరబడి ఆకాశం దుమ్ముతో నిండిపోయింది. కొండల పచ్చటి పక్కలన్నీ గీకేసినట్టు తెల్లబడ్డాయి. అడవి మొత్తం మట్టితో సహా జారిపోయింది.

అట్లా జారిన మట్టి సుబన్సిరి నదికి అడ్డంగా పడింది. సుబన్సిరి బ్రహ్మపుత్రకు పెద్ద ఉపనది. అది ఎనిమిది రోజులు ఆగిపోయింది. దిగువన ఊళ్లవాళ్లకు భూకంపం భయం కొద్దికొద్దిగా తగ్గుతోంది. అప్పుడు కట్ట తెగింది. 20 అడుగులకు మించిన కెరటం వచ్చింది. 500 మందికి పైగా చనిపోయారు. భూకంపానికి బతికినవాళ్లు ఎనిమిదో రోజు నీళ్లకు పోయారు. ఆ కొండల మట్టి అంతటితో ఆగలేదు. ఏళ్ల తరబడి బ్రహ్మపుత్రలోకి దిగింది. డిబ్రూగఢ్ దగ్గర నది అడుగు పైకి లేచింది. అడుగు లేస్తే అవే నీళ్లకు గట్లు చాలవు. ఆ తర్వాత ఆ ఊరు వరదలతో, కోతతో ఎంత బాధ పడిందో అస్సాంవాళ్లను అడిగితే చెబుతారు.

ఈ రెండు సంగతుల్లోంచి ఒక్క మాట పట్టుకోండి. నది పొంగితే భయపడటం అందరికీ తెలుసు. కొండల్లో నది ఉన్నట్టుండి తగ్గిపోతే కూడా భయపడాలి. మళ్లీ చెబుతున్నాను. వానాకాలంలో గానీ, నేల అదిరిన తర్వాత గానీ, కొండ నదిలో నీళ్లు ఉన్నట్టుండి తగ్గిపోతే, ఎగువన ఎక్కడో అడ్డం పడి ఉండొచ్చని అర్థం. నది ఎండిందని ఇసుకలోకి దిగి ఫోటోలు తీసుకోకూడదు. పైకి ఎక్కాలి.

ఇక ఇంకా పాత కాలానికి పోదాం. రాసిపెట్టినవాళ్లు దాదాపు లేని కాలం.

నేపాల్‌లో పోఖరా అనే ఊరుంది. ముక్తినాథ్ పోయేవాళ్లు పోఖరాలో ఆగుతారు. శాలగ్రామ క్షేత్రం, 108 దివ్యదేశాల్లో ఒకటి అని మన వైష్ణవులు భక్తితో పోతారు. పోఖరాలో ఫేవా సరస్సు ఉంది. పడవ ఎక్కి, ఎదురుగా అన్నపూర్ణ శిఖరాలను చూసి మురిసిపోతారు. చుట్టూ అంత ఎత్తు కొండలు ఉంటే, మధ్యలో ఆ ఊరు మాత్రం ఎంతో విశాలమైన చదును నేల మీద ఉంటుంది. నేపాల్‌లోని పెద్ద నగరాల్లో అదొకటి. అంత చదును నేల కొండల మధ్య ఎక్కడి నుంచి వచ్చింది?

అన్నపూర్ణ కొండల నుంచి వచ్చింది. ఒక్కసారిగా వచ్చింది. కాదు, కనీసం మూడుసార్లు వచ్చింది.

శాస్త్రవేత్తలు పోఖరా చుట్టూ వాగుల్లో గట్లను పరిశీలించారు. ఆ మట్టిలో సున్నపురాతి ముక్కలు కనబడ్డాయి. పోఖరా పక్క గుట్టల్లో ఆ రాయి లేదు. 60 కిలోమీటర్లకు పైగా ఎగువన, మంచు కొండల్లో ఉంది. ఇంకో వింత గమనించారు. పక్క వాగుల్లో పేరుకున్న మట్టిపొరలు దిగువకు కాదు, ఎగువకు వాలి ఉన్నాయి. అంటే ఏమిటి? ఆ వాగు తెచ్చిన మట్టి కాదది. పెద్ద నది పట్టనంత మట్టితో వచ్చి, వాగులోకి వెనక్కి ఎగదన్నింది. వాగుల నోళ్లు మూసుకుపోయాయి. వాటి వెనక నీళ్లు నిలిచాయి. ఫేవా సరస్సు అట్లా నిలిచిన నీళ్లే.

మరి ఎప్పుడు జరిగిందో ఎట్లా చెప్పారు? ఆ మట్టి కింద ఆకులు, కొమ్మలు, కుళ్లిన గడ్డి పూడుకుపోయి దొరికాయి. చెట్టు బతికి ఉన్నంతకాలం గాలిలోంచి కార్బన్ తీసుకుంటుంది. చచ్చిపోయాక తీసుకోదు. దాంట్లో ఒక రకం కార్బన్ ఒక తెలిసిన లెక్క ప్రకారం తగ్గుతూ పోతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే, ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. కొలిచారు. మూడు కాలాలు వచ్చాయి. ఒకటి సుమారు 1100వ సంవత్సరం. ఇంకొకటి 1255. మరొకటి 1344. ఆ మూడు కాలాల్లోనూ నేపాల్‌లో మహా భూకంపాలు వచ్చాయి. 1255 భూకంపంలో ఖాట్మండు లోయను ఏలే రాజు అభయ మల్లుడే ప్రాణాలు కోల్పోయాడు. మన వైపు అప్పుడు ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుడు ఏలుతున్నాడు. ఆయన ఏలుబడిలో మన చెరువుల కట్టలు లేస్తుంటే, అక్కడ కొండలు కరిగి లోయలు నిండుతున్నాయి. ఈ పరిశోధన 2016లో సైన్స్ అనే పత్రికలో వచ్చింది.

పోఖరా ఊరి మధ్యలో భీమ్‌కాళి అనే మహా బండ ఉంది. చుట్టూ అట్లాంటి రాయి లేదు. ఈసారి పోతే చూసి రండి. మంచుకొండ నుంచి ఆ బండను అక్కడిదాకా తెచ్చిన ప్రవాహం ఎంతటిదో ఊహించండి.

ఆ చదును నేల ఇప్పుడు నిద్రపోతోందా? పూర్తిగా కాదు. 2013లో పోఖరా శివారున అర్మలా అనేచోట పొలాలు గుంతలు గుంతలుగా కుంగాయి. సున్నపు మట్టిని కింద నీళ్లు తినేశాయి. వందల ఏళ్ల కిందట వచ్చిపడిన మట్టి, ఈనాటి రైతు వరిమడిని మింగింది.

అందుకే నేను అనేది ఇది. కొండల్లో చదును నేల ఊరికే రాదు. కొండల్లో చదునైన చోటు కనబడితే, అది ఎట్లా వచ్చిందో అడగాలి. కొన్నిచోట్ల నది తీరిగ్గా పరిచిన మట్టి అది. కొన్నిచోట్ల మంచు తెచ్చి వదిలేసిన రాళ్లు. ఎన్నోచోట్ల కొండ విరిగి పడిన కుప్ప. మనిషికి ఆ కుప్పే కావాలి. ఎందుకంటే నిటారు కొండ మీద ఇల్లు కట్టలేం, దున్నలేం. పడిన కుప్ప మీద మట్టి ఉంటుంది, ఊట నీళ్లు ఉంటాయి, నాగలి తిరిగేంత చోటు ఉంటుంది. అందుకే ఊళ్లు అక్కడే వెలిశాయి. ఆ పల్లె జనాన్ని తప్పు పట్టడానికి లేదు. వాళ్లకు ఇంకో చోటు లేదు. కానీ పల్లెకు సరిపోయిన నేల నగరానికి సరిపోతుందా? ఇది అడగాల్సిన ప్రశ్న. అడిగారు కూడా.

బద్రీనాథ్ దారిలో జోషీమఠ్ వస్తుంది. ఆది శంకరుల జ్యోతిర్మఠం అక్కడే. నరసింహస్వామి గుడి ఉంది. యాదగిరిగుట్ట స్వామిని కొలిచే మనవాళ్లు ఆ గుడి చూడకుండా ముందుకు పోరు. జోషీమఠ్ ఉన్నది పాత కొండచరియల కుప్ప మీద. మట్టి, ఇసుక, ఇంటంతేసి బండలు కలిసిన కుప్ప. అడుగున గట్టి శిల మీద కట్టిన ఊరు కాదది. ఈ సంగతి కొత్తగా బయటపడింది కాదు. 1976లోనే గఢ్వాల్ కమిషనర్ మిశ్రా నాయకత్వంలోని కమిటీ చెప్పింది. ఊరు పాత చరియల మీద ఉంది, ఇక్కడ బరువైన కట్టడాలు వద్దు, వాలులో పాతుకున్న పెద్ద బండలను తవ్వొద్దు, పేల్చొద్దు, చెట్లు కొట్టొద్దు అని చెప్పింది.

అంత తేటగా చెప్పారు. విన్నారా? ఊరు పెరిగింది. అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. మురుగునీరు పోవడానికి సరైన దారి లేక ఆ కుప్పలోకే ఇంకింది. 2023 జనవరిలో గోడలు పగిలాయి. రోడ్లు పగిలాయి. గడ్డకట్టే చలిలో కుటుంబాలు ఇళ్లు వదిలి బయటకు వచ్చాయి. దేశంలోని పెద్ద సంస్థలు ఎన్నో పరీక్షలకు పోయాయి. మన హైదరాబాద్ ఎన్జీఆర్‌ఐ వాళ్లూ పోయారు. నేల కింద ఎక్కడ నీరుంది, ఎక్కడ వదులుగా ఉంది అని యంత్రాలతో చూశారు. 1976 మాట 1976లోనే విని ఉంటే ఆ చలిలో ఆ తల్లులు పిల్లలను ఎత్తుకుని బయట నిలబడేవాళ్లు కాదు. ఈ మాట నేను బాధతో అంటున్నాను.

ఆ కొండలకు భూకంపాలు కొత్త కాదు. 1803 సెప్టెంబర్ 1న గఢ్వాల్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఇప్పటి ఉత్తరకాశీ, అప్పటి పేరు బారాహాట్, నేలమట్టమైంది. బద్రీనాథ్ గుడి దెబ్బతింది. 1991లో ఉత్తరకాశీలో, 1999లో చమోలీలో మళ్లీ వచ్చాయి.

అన్నీ దుఃఖపు మాటలే చెప్పాననుకోకండి. ఒక మంచి సంగతి ఉంది. చాలా మంచి సంగతి.

1893 సెప్టెంబర్. అదే చమోలీ వైపు, అలకనందలో కలిసే బిరహీ గంగ. గోహ్నా అనే పల్లె దగ్గర కొండ విరిగి నదిలో పడింది. ఇది భూకంపం పని కాదు. కానీ తర్వాత జరిగిందంతా నేను ఇందాక చెప్పిన కథే. 250 మీటర్లకు మించిన కట్ట. వెనక సరస్సు. దిగువన యాత్రికుల దారి, ఊళ్లు, గఢ్వాల్‌లోని శ్రీనగర్ పట్నం, ఇంకా కిందికి పోతే హరిద్వార్. అప్పటి ఇంజినీరు పుల్ఫర్డ్ ఏం చేశాడంటే, నీళ్లు ఎంత వేగంగా నిండుతున్నాయో లెక్క వేశాడు. వచ్చే ఆగస్టులో కట్ట మీదికి ఎక్కుతాయి అన్నాడు. దాదాపు ఏడాది ముందే అన్నాడు. సరస్సు దగ్గర మనిషిని కాపలా పెట్టారు. అక్కడి నుంచి దిగువ ఊళ్ల మీదుగా హరిద్వార్ దాకా టెలిగ్రాఫ్ తీగ లాగారు. వంతెనలను ముందే విప్పి తీసేశారు. వరద ఎంత ఎత్తుకు వస్తుందో కొండల మీద గుర్తులు పెట్టి, దానికి పైనే ఉండమని జనానికి చెప్పారు.

1894 ఆగస్టు 25. లెక్క వేసిన నెలలోనే నీళ్లు కట్ట ఎక్కాయి. ఆ రాత్రి కట్ట తెగింది. తీగ మీద వార్త పరుగెత్తింది. తెల్లారేసరికి శ్రీనగర్ పట్నం తుడిచిపెట్టుకుపోయింది. కానీ పట్నంలో మనుషులు లేరు. అంతా పైకి పోయారు. ఆ మొత్తం లోయలో చనిపోయింది ఐదుగురు. ఒక ఫకీరు, ఆయన కుటుంబం. వాళ్లను కూడా అక్కడి నుంచి పంపించేశారు. వాళ్లు తిరిగి వచ్చారు. పట్నాలకు పట్నాలు పోయిన వరదలో ఐదుగురే పోవడం నూట ముప్పై ఏళ్ల కిందట సాధ్యమైంది. ఒక లెక్క, ఒక తీగ, పైకి పొమ్మంటే పోయిన జనం. వీటితోనే సాధ్యమైంది.

ఇప్పుడు ఆ తీగ స్థానంలో ఏముంది? 2021 ఫిబ్రవరి 7 ఆదివారం. చమోలీలోనే. రోంతీ శిఖరం పక్క నుంచి రాయి, మంచు కలిసి విరిగి పడ్డాయి. రిషిగంగ, ధౌలిగంగ ఉప్పొంగాయి. తపోవన్ దగ్గర విద్యుత్ ప్రాజెక్టు సొరంగంలో పని చేస్తున్న కార్మికులు చిక్కుకున్నారు. 200 మందికి పైగా పోయారు. అది కూడా భూకంపం కాదు. కానీ ఎన్జీఆర్‌ఐ ఆ కొండల్లో భూకంపాల కోసం యంత్రాలు పెట్టి ఉంచింది. కొండ పడిన అదురు ఆ యంత్రాల్లో పడింది. లోయలో వరద కిందికి దిగుతున్న కదలిక కూడా పడింది. హైదరాబాద్ శాస్త్రవేత్తలు, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి ఆ గీతలను పరిశీలించారు. ఇట్లాంటి యంత్రాల వల నుంచి వచ్చే సంకేతాలను అప్పటికప్పుడు చూడగలిగితే, దిగువ వాళ్లకు కొన్ని నిమిషాల ముందు హెచ్చరిక ఇవ్వొచ్చని తేల్చారు. కొన్ని నిమిషాలే. కానీ కొండల్లో పైకి ఎక్కడానికి ఆ కొన్ని నిమిషాలే కావాలి. గోహ్నాలో ఏడాది దొరికింది. ఇక్కడ నిమిషాలు దొరుకుతాయి. ఆ ఏర్పాటు ప్రతి లోయలో జరగాలి. ఉప్పల్‌లో కూర్చుని దాని కోసం పని చేస్తున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు.

అంతవరకు మన జాగ్రత్త మనది. యాత్రకు పోయే పెద్దవాళ్లకు రెండు మూడు మాటలు.

వానాకాలంలో కొండల యాత్ర పెట్టుకోకండి. జులై, ఆగస్టు అసలే వద్దు. రోడ్డు మీద కొత్తగా పడిన మట్టి కనబడితే, బస్సు ఆపి దాని కింద నిలబడి చూడకండి. పడిన చోటే మళ్లీ పడుతుంది. రాత్రి బస నది ఒడ్డున కాకుండా చూసుకోండి. గంగ గలగల వినబడే గది అని ఎక్కువ డబ్బులు అడుగుతారు. ఆ గది మీకు వద్దు. నేల కొద్దిగా అదిరినా ఆ రాత్రి కొండ పక్క గోడ దగ్గర పడుకోకండి. పొద్దున లేచి చూస్తే నదిలో నీళ్లు తగ్గి కనబడితే, ఇందాక చెప్పాను, మళ్లీ చెబుతున్నాను, పైకి ఎక్కండి. ఎవరైనా నవ్వినా సరే. మీ పక్కవాళ్లను కూడా పైకి పిలవండి.

వచ్చే వేసవికి బంట్వారం నుంచో, తాండూరు నుంచో పది మంది కలిసి చార్‌ధామ్‌కు బస్సు మాట్లాడుకుంటూ ఉంటే, డబ్బులు కట్టే ముందు ఏజెంటును ఒక మాట అడగండి. మేం దిగే బస ఏ నది పక్కన ఉంది, నీళ్లకు ఎంత ఎత్తున ఉంది అని. చెప్పగలిగితే మంచిది. చెప్పలేకపోతే, కనుక్కుని చెప్పమనండి. అప్పటిదాకా డబ్బులు కట్టకండి.